పళ్ల జబ్బు కాదు, గడ్డి కరువు

పాడి, పంటల పేజీలో గినీ పంది ఊసెందుకని రైతు సోదరులు అనుకోవచ్చు. పిల్లలు ముచ్చటపడుతున్నారని ఈ చిన్న జీవిని తెచ్చి పెంచుకునే ఇళ్లు మన ఊళ్లలోనూ ఉన్నాయి. తెచ్చుకున్నాక చిలక్కి వేసినట్టు గింజలు వేస్తారు, లేదంటే బిస్కెట్లు పెడతారు. నిజానికి ఇది గేదె, మేకల్లాగే గడ్డి తిని బతికే జీవి. పెరూ, బొలీవియా కొండ ప్రాంతాల రైతులు వేల ఏళ్లుగా దీన్ని మాంసం కోసం పెంచుతున్నారు. అక్కడ దీని ముందు పడేది ముఖ్యంగా పచ్చిమేతే. మన ఇళ్లలో వీటికి వచ్చే పళ్ల జబ్బుల్లో చాలావాటికి మూలం మేతలోనే ఉందని నా అభిప్రాయం.

గినీ పందికి మొత్తం 20 పళ్లు. ముందు పళ్లు 4, దవడ పళ్లు 16. ఇవన్నీ బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. పీచు గడ్డిని గంటల తరబడి నమిలితేనే పెరిగినంత మేర అరుగుతాయి. దాణాతో కడుపు త్వరగా నిండుతుంది గానీ పళ్లకు పని ఉండదు. అప్పుడు కింది దవడ పళ్లు లోపలికి వంగి నాలుకను బిగించేస్తాయి. పై పళ్లు బుగ్గల్లోకి గుచ్చుకుని పుండ్లు పడతాయి. పుట్టుకతో పళ్లు వంకరగా ఉన్నవీ, కింద పడి పన్ను విరిగినవీ లేకపోలేదు. అయితే వాటికీ గడ్డి తప్పనిసరే.

జబ్బు చేసిన జీవికి ఆకలి ఉంటుంది. మేత దగ్గరికి వస్తుంది, నోట పెట్టుకుని వదిలేస్తుంది. గడ్డం చొంగతో తడిసి ఉంటుంది. 'అలిగిందిలే' అని ఊరుకోవద్దు. ఒక్క రోజు మేత మానినా పేగుల కదలిక మందగించి ప్రాణం మీదికి వస్తుంది. పెరిగిన గినీ పంది సాధారణంగా 700 నుంచి 1,200 గ్రాములు తూగుతుంది. వంటింటి త్రాసులో వారం వారం తూచి రాసుకుంటే, బరువు తగ్గడం ముందే తెలిసిపోతుంది.

కొందరు గోళ్లు తీసే కత్తెరతో ముందు పళ్లు కత్తిరిస్తున్నారు. ఇది చాలా తప్పు. పన్ను నిలువునా చీలి చీము పడుతుంది. అసలు రోగం వెనక దవడ పళ్లలో ఉంటుంది, అది పైకి కనపడదు. డాక్టరు మత్తు ఇచ్చి అరగదీయాల్సిందే. ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్ సిరప్ పట్టడం ఇంకా ప్రమాదం. పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా ఇస్తే గినీ పందులు చనిపోవచ్చు.

మనిషిలాగే ఇది కూడా విటమిన్-సి తయారు చేసుకోలేదు. అది తక్కువైతే చిగుళ్లు దెబ్బతిని పళ్లు కదులుతాయి. కిలో బరువుకు రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు కావాలి. చిన్న జామ ముక్క, కాస్త కొత్తిమీర, క్యాప్సికం రోజూ పెడితే మంచిది.

మేతలో సింహభాగం గడ్డే ఉండాలి. గరిక, గినీ గడ్డి పచ్చివీ, ఎండబెట్టినవీ పెట్టొచ్చు. కొత్త మేతను కొద్ది కొద్దిగా అలవాటు చేయాలి. వరిగడ్డి ఒక్కటే వేస్తే పోషకాలు చాలవు. లూసర్న్‌లో కాల్షియం ఎక్కువ గనుక పెద్దవాటికి రోజూ వేస్తే మూత్రంలో రాళ్లు పడే ప్రమాదముంది. పురుగుమందు పడిన గట్ల మీద గడ్డి, బూజు పట్టిన గడ్డి దగ్గరికి కూడా రానీయకూడదు.

పట్టణాల్లో విదేశీ తిమోతి గడ్డిని ప్యాకెట్లలో కొంటున్నవారున్నారు. మన గట్ల మీద గరికేమో ఊరికే పోతోంది. మందు తగలని చోట కోసి, శుభ్రంగా ఎండబెట్టి, చిన్న కట్టలు కట్టి అమ్మితే రైతు మహిళలకు నాలుగు రూపాయలు రావా? జీవిని అమ్మే దుకాణదారులు గింజల సంచికి బదులు గడ్డి కట్ట చేతికివ్వాలి. పశువైద్యశాలల్లో కూడా 'ఇంత దానికి వైద్యమా' అని నవ్వి పంపేయకుండా, పన్ను చూసి అరగదీసే పరికరాలు, శిక్షణ సమకూర్చాలి. అప్పటిదాకా పెంచేవారి చేతిలో ఉన్న మందు ఒక్కటే. రేపటి నుంచి గింజల గిన్నె తీసి, గూడు నిండా గడ్డి వేయండి.