సహకారమా, పరాధీనతయా?

దేశరక్షణకు సంబంధించిన శాస్త్రపరిశోధనలో విదేశముల పొత్తు మేలా, కీడా? స్వదేశాభిమానులు కొందఱు పరుల పొత్తే వలదందురు. సిద్ధమైన ఆయుధములు అంగడిలో దొరకుచుండగా పరిశోధనకు ధనమేల వెచ్చింపవలెనని మఱికొందఱందురు. ఈ రెండు వాదములును మాకు సమ్మతములు కావు. సాక్ష్యమునకై దూరదేశములకు పోనక్కఱలేదు. మన ముషీరాబాదునుండి మూసీనది దాటి దక్షిణముగా కంచన్‌బాగు వఱకు పోయిన చాలును.

రక్షణ పరిశోధనాభివృద్ధి ప్రయోగశాల 1962లో మన నగరమునకు వచ్చినది. 1970వ దశకమున అచ్చటి శాస్త్రజ్ఞులు సోవియట్ రష్యానుండి కొనిన విమాననాశక క్షిపణిని విప్పి చూచి, అట్టిదానిని తామే నిర్మింప పూనుకొనిరి. ఆ యత్నము ఆయుధముగా ఫలింపకయే నిలిచిపోయినది. అయినను శ్రమ వృథా కాలేదు. అపుడలవడిన ద్రవేంధన యంత్రవిద్య తరువాత పృథ్వి క్షిపణికి ఆధారమైనది. వస్తువును కొనుట వేఱు, విద్యను గడించుట వేఱు అనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

1983లో అబ్దుల్ కలాము గారి నేతృత్వమున క్షిపణి కార్యక్రమము ప్రారంభమైనది. 1987లో ఏడు సంపన్నరాజ్యములు కూడి, 500 కిలోల బరువును 300 కిలోమీటర్ల దూరము మోయగల క్షిపణుల విద్య ఇతరులకు దక్కకుండ కట్టడి చేసినవి. మనవారు ఆ మూసిన తలుపు ముందు నిలిచి మొఱపెట్టుకొనలేదు. 1989లో అగ్ని క్షిపణిని ప్రయోగించి చూపిరి.

పిమ్మట జరిగినది గమనింపదగినది. 1998లో రష్యా మనతో పొత్తు కుదుర్చుకొనెను. బ్రహ్మపుత్ర, మాస్కవా నదుల పేరులు కలసి బ్రహ్మోస్ అయినది. 2001లో మొదటి పరీక్ష జరిగినది. చేతిలో విద్య గలవానితోనే లోకము పొత్తునకు వచ్చును; రిక్తహస్తునకు సరకు మాత్రమే అమ్మును. ఇస్రాయేలుతో కలసి రూపొందించిన మధ్యమశ్రేణి విమాననాశక క్షిపణియు ఇట్టిదే. దాని రాకెట్టు మోటారు మన శాస్త్రజ్ఞుల కృషిఫలము. 2021లో అది మన వైమానికదళమున చేరినది.

అయినను ఒక సంగతి మఱువరాదు. బ్రహ్మోస్ మొదట 290 కిలోమీటర్లు మాత్రమే పోవునట్లు నిర్మింపబడెను. ఏలయన, రష్యా పైని చెప్పిన కట్టడిలో చేరియున్నది; మనము చేరలేదు. 2016లో మనకును సభ్యత్వము లభించిన పిదపనే ఆ హద్దును దాటుటకు వీలుకలిగినది. పొత్తు ఇద్దఱిదైనను పగ్గము మూడవవారి చేతనుండెను. సహకారమున దాగియుండు పరాధీనత యిదియే.

కావున మేము కోరునవి మూడు. మొదటిది, ప్రతి యొడంబడికయందును తయారైన భాగములే గాక వాని వెనుకనున్న విద్యయు మనకు సంక్రమింపవలెను. రెండవది, ఏ యొక్క రాజ్యముమీదనే యాధారపడరాదు. మూడవది, రహస్యములను విడిచి, తక్కిన షరతులును వ్యయమును పార్లమెంటు ముందుంచవలెను. ధనము ప్రజలది, అడుగు హక్కును వారిదే.

వీనికన్నిటికిని మూలము మనుష్యులు. అశోక్‌నగరు వీథులలోను, చిక్కడపల్లి గ్రంథాలయములోను వేలకొలది యువకులు సర్కారు కొలువుల పరీక్షలకై రేయింబవళ్లు చదువుచున్నారు. వారి పట్టుదలను మేము మెచ్చుకొందుము. వారిలో గణితభౌతికశాస్త్రములందు ప్రవీణులైన కొందఱినైనను పరిశోధనవైపు ఆకర్షింపగల వేతనమును, గౌరవమును, స్వేచ్ఛను ప్రభుత్వము కల్పింపవలదా? మన ప్రయోగశాలల బల్లలు ఖాళీగానున్న నాడు, ఎంత గొప్ప మిత్రుడు వచ్చినను మనకు మిగులునది బేరమే కాని సహకారము కాదు. ఇంట దీపమున్నవాడే పొరుగువానితో వెలుగు పంచుకొనగలడు.