బాలింతను బిడ్డకు దూరం చేయొద్దు

కలెక్టర్లకు, ఆసుపత్రి సూపరింటెండెంట్లకు, సాయం చేసే దాతలకు, ఇంటి పెద్దలకు విన్నపం



2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు, తొలి కాన్పుకు పుట్టింటికి పోవలసిన ఆడపిల్లలు ఎందరో అత్తవారింట్లోనో, అద్దె గదుల్లోనో ఆగిపోయారు. పురుడు పోయాల్సిన తల్లి ఊరు దాటి రాలేకపోయింది. కరోనా సోకిందని తేలిన బాలింతల దగ్గర నుంచి పసికందులను వేరే గదికి మార్చి డబ్బా పాలు పట్టిన ఆసుపత్రులూ ఉన్నాయి. కొత్త జబ్బు, ఎవరికైనా భయమే. అంతవరకు తప్పుపట్టం. కానీ ఆ ఏడాది జూన్‌కే ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చి చెప్పింది: మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని తల్లి పాలివ్వవచ్చు, బిడ్డను ఒంటికి హత్తుకోవచ్చు, ఇద్దరూ ఒకే గదిలో ఉండవచ్చు.

టీకా విషయంలోనూ తల్లులది చివరి వరుసే. 2021 జనవరి 16న టీకాలు మొదలైతే, పాలిచ్చే తల్లులకు కేంద్రం అనుమతి మే 19న వచ్చింది. ఈలోపే రెండో ఉద్ధృతి వచ్చి పడింది.

అందుకే అడుగుతున్నాం. తల్లీబిడ్డలను ఒకే రోగిగా చూడాలని ప్రతి జిల్లా విపత్తు ప్రణాళికలోనూ, ప్రతి కాన్పుల వార్డు నిబంధనల్లోనూ ఇప్పుడే రాయండి. తల్లి స్పృహలో లేకపోతేనో, బిడ్డకు ప్రత్యేక చికిత్స కావాలంటేనో తప్ప విడదీయకూడదు. విడదీయక తప్పనప్పుడు తల్లి పాలు పిండి బిడ్డకు అందించే బాధ్యత ఫలానా నర్సుదని డ్యూటీ చార్టులో ఉండాలి. బాలింతకు తోడుగా ఒక ఆడమనిషిని లోపలికి రానివ్వాలి. ఈ చివరిది అన్నిటికంటే చౌక. కష్టకాలం వస్తే మొదట రద్దయ్యేదీ అదే!

"బెంగతో పాలు ఎండిపోయాయి" అని ఇళ్లలో అంటారు. అది సగమే నిజం. రొమ్ములో పాలు తయారవుతూనే ఉంటాయి. భయం, నొప్పి, నిద్రలేమి కలిసి చేపు రాకుండా అడ్డుపడతాయి. పాలను బయటికి నెట్టే ఆక్సిటోసిన్ హార్మోన్ కాసేపు వెనక్కి తగ్గుతుంది. పక్కన ధైర్యం చెప్పే మనిషి ఉండి, బిడ్డను రొమ్ముకు మళ్లీ మళ్లీ పట్టిస్తే చేపు తిరిగి వస్తుంది. ఆ సమయంలో డబ్బా అందిస్తే బిడ్డ చీకడం తగ్గుతుంది, దాంతో పాల తయారీ నిజంగానే తగ్గుతుంది. పథ్యం పేరుతో దాహానికి నీళ్లు కూడా ఇవ్వని పెద్దలకు మా మాట: కడుపునిండా పప్పన్నం, ఆకుకూర పెట్టండి, అడిగినన్ని నీళ్లివ్వండి.

దాతలకు మరో మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు, మున్నేరు ఖమ్మం ఇళ్లలోకి వచ్చినప్పుడు తాగే నీటికే కటకట అయింది. అలాంటి చోట పాలపొడి డబ్బాలు పంచితే, పాలసీసాను దేనితో మరిగిస్తారు? ఆఫ్రికాలోని బోట్స్‌వానాలో 2006లో భారీ వానల తర్వాత విరేచనాలు ప్రబలితే, ఆ జబ్బుకు ఎక్కువగా బలైంది తల్లిపాలు అందని పసివాళ్లే. మన దేశంలో 1992 నాటి చట్టం దాతలు అనాథాశ్రమాలకు తప్ప ఇంకెవరికీ పాలపొడి డబ్బాలను, పాలసీసాలను ఉచితంగా పంచకూడదంటోంది. పంచేవాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు. ఆ డబ్బుతో బాలింతకు భోజనం, శుభ్రమైన నీళ్లు, శిబిరంలో ఓ మూల తెరచాటు ఏర్పాటు చేయండి.

పాలివ్వలేని తల్లులు ఉంటారు. వాళ్లను నిందించే హక్కు ఎవరికీ లేదు. వాళ్ల బిడ్డలకు డాక్టరు చెప్పిన పాలను ఉగ్గుగిన్నెతో పట్టాలి. హైదరాబాద్ నీలోఫర్‌ ఆసుపత్రిలో ఉన్నటువంటి తల్లిపాల బ్యాంకు ప్రతి పెద్ద ప్రసూతి ఆసుపత్రిలోనూ రావాలి.

కాన్పయ్యాక రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, ఏడుపు ఆగకపోతే అది నీరసం కాదు, మొండితనమూ కాదు, వైద్యం ఉన్న జబ్బు. ఆశా కార్యకర్త బిడ్డ బరువుతో పాటు తల్లి మనసునూ అడిగి రాసుకోవాలి. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు.

ఆగస్టు 1 నుంచి 7 వరకు తల్లిపాల వారోత్సవాలు. ఈసారి అంగన్‌వాడీలో ఉపన్యాసం విని లేచి వెళ్లిపోకండి. పై కోరికలను ఒక కాగితం మీద రాసి, తల్లులతో సంతకాలు పెట్టించి, ఆ తర్వాతి సోమవారం కలెక్టరేట్‌లో అర్జీగా ఇవ్వండి. రసీదు అడిగి తీసుకోండి.