తూటాల కరువు, భద్రత కరువు

2016 నవంబరులో ఉప్పు దొరకదని ఒక పుకారు పుట్టింది. పెద్ద నోట్లు రద్దయి వారం కూడా కాలేదు, చేతిలో చిల్లర లేదు, అయినా దేశంలో చాలాచోట్ల జనం కిరాణా కొట్ల ముందు బారులు తీరారు. ఇలాంటప్పుడు వంటింటి మనుషుల్ని చూసి నవ్వడం మనకు అలవాటు. గొర్రెదాటు అంటారు, తెలివితక్కువతనం అంటారు. అదే తూటాలు దొరకవేమోనని భయపడి మగవాళ్ళు డబ్బాలకొద్దీ కొని బీరువాల్లో దాచుకుంటే దానికి పేరు 'ముందుచూపు'. ఇంటి యజమాని బాధ్యత. ఆత్మరక్షణ. ఒక భయం నవ్వులాటా, ఇంకో భయం పౌరుషమూ ఎందుకయ్యాయి? ఈ ప్రశ్నతో మొదలుపెట్టి తూటాల కరువు గురించి మనవైపు నుంచి కొంత మాట్లాడుకోవాల్సి ఉంది.

అమెరికాలో ఈ కరువు మళ్ళీమళ్ళీ వస్తుంది. 2012 డిసెంబరులో శాండీహుక్ బడిలో 20 మంది పసిపిల్లలు, ఆరుగురు సిబ్బంది తూటాలకు బలయ్యారు. ఆ దుఃఖంలోంచి చట్టం గట్టిపడుతుందేమోనన్న అనుమానం రాగానే తుపాకుల యజమానులు దుకాణాల మీద పడ్డారు. చిన్న బోరు తూటాలు కూడా దొరక్కుండా పోయాయి. 2020 మార్చిలో కోవిడ్ వచ్చినప్పుడు మళ్ళీ అదే. ఆ ఒక్క నెలలో తుపాకి కొనుగోళ్ళకు సంబంధించిన నేపథ్య తనిఖీలు 37 లక్షలు దాటాయి. అక్కడి ప్రభుత్వం తుపాకి దుకాణాలను అత్యవసర సేవల జాబితాలో చేర్చింది. ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. కరువు చాలావరకు కొనేవాళ్ళ భయంలోంచే పుడుతుంది. పక్కవాడు కొంటున్నాడని వీడు, వీడు కొంటున్నాడని ఇంకొకడు. అర ఖాళీ అయ్యాక, చూశారా, కరువు నిజమేనంటారు.

ఆ నెలల్లోనే, లాక్‌డౌన్ తలుపుల వెనక, గృహహింస ఫిర్యాదులు పెరిగాయని మన జాతీయ మహిళా కమిషన్ చెప్పింది. ఫోను చేసే వీలు కూడా లేని ఆడవాళ్ళ కోసం వాట్సాప్ నంబరు పెట్టింది. ఒకవైపు మగవాళ్ళు వీధిలోంచి రాబోయే శత్రువు కోసం తూటాలు లెక్కపెట్టుకుంటున్నారు. మరోవైపు ఆడవాళ్ళు, ఇంట్లోనే ఉన్న మనిషికి వినిపించకుండా సాయం అడగడమెలాగని ఆలోచిస్తున్నారు.

ఇది అమెరికా గొడవ, మనకెందుకనుకోవద్దు. తెలుగువాళ్ళ ఇళ్ళు అక్కడ వేలకువేలున్నాయి. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రం ఒలేతాలో కూచిభొట్ల శ్రీనివాస్‌ను జాతి ద్వేషంతో కాల్చి చంపాక మన కుటుంబాల్లోనూ తుపాకి కొనాలా అన్న చర్చ నడిచింది. శ్రీనివాస్ భార్య సునయన దుమాల మాత్రం ఇలాంటి ద్వేషాన్ని ఆపడానికి ప్రభుత్వం ఏం చేస్తుందని నిలదీసింది. భద్రతను బీరువాలోంచి తీసి బజారులో, ప్రభుత్వం ముందు పెట్టడమంటే అదే.

ఇక మన ఊరి సంగతి. అబిడ్స్‌కూ ఆయుధాలకూ పాత చుట్టరికమే ఉంది. 1795లో ఫ్రెంచి సేనాని రేమాండ్ నిజాం కోసం ఫిరంగులు పోత పోయించిన గన్‌ఫౌండ్రీ ఇక్కడే ఉంది. పాతవాళ్ళు దాన్ని తోప్‌కా సాంచా అనేవారు. ఇవ్వాళ బట్టల కొట్లు, చెప్పుల కొట్లు, ఆదివారం పాత పుస్తకాలు పరిచే ఫుట్‌పాత్‌ల మధ్య లైసెన్సున్న ఆయుధ దుకాణాలూ ఉన్నాయి. మన దగ్గర తూటా ఉప్పులాగా దొరకదు. లైసెన్సు పుస్తకంలో రాసినన్నే కొనాలి, కొన్నవి అందులో ఎక్కించుకోవాలి. మామూలు లైసెన్సుదారులు విదేశీ తుపాకులు దిగుమతి చేసుకునే దారి 1980ల మధ్యలోనే మూసుకుపోయింది. అందుకని సరుకు ఎప్పుడూ కొంత బిగువే. నా పరిశోధనలో భాగంగా ఒకరిద్దరు వ్యాపారులతో మాట్లాడాను. చట్టం మారుతుందన్న వార్త వస్తే చాలు, ఈ ఏడాది నా కోటాలో ఇంకా ఎన్ని మిగిలాయంటూ ఫోన్లు మొదలవుతాయట.

2019 డిసెంబరులో నిజంగానే చట్టం మారింది. అప్పటిదాకా ఒకరు మూడు తుపాకులు పెట్టుకోవచ్చు. బిల్లు మొదట ఒక్కటే అంది. అభ్యంతరాలు వచ్చాక రెండు దగ్గర ఆగింది. చర్చంతా మూడో తుపాకి చుట్టూ తిరిగింది. అదే సవరణ లైసెన్సు గడువును మూడేళ్ళ నుంచి ఐదేళ్ళకు పెంచిన సంగతి ఎవరికీ పెద్దగా పట్టలేదు. అంటే ఆ ఇంటి గడపలో ఏం జరుగుతోందని రాజ్యం మూడేళ్ళకోసారి అడగాల్సింది, ఇప్పుడు ఐదేళ్ళకోసారి అడిగితే సరిపోతుంది. అడిగినా ఎవర్ని అడుగుతుంది? దరఖాస్తుదారుడిని అడుగుతుంది. పోలీసు నివేదిక చూస్తుంది. ఆరోగ్య ధ్రువపత్రం తెమ్మంటుంది. ఆ తుపాకి ఉన్న గదిలోనే పడుకోవాల్సిన మనిషిని విడిగా కూర్చోబెట్టి, "నీకు భయంగా ఉందా?" అని అడగాలన్న నియమం లేదు.

ఒక అభ్యంతరం రావచ్చు. మన దేశంలో భార్యల్ని తుపాకులతో చంపేది తక్కువ కదా అని. నిజమే. కిరోసిన్, ఉరితాడు, విషం, చేతులు, వీటితోనే ఎక్కువ. వరకట్న చావులే ఏటా 6,000 దాటి నమోదవుతున్నాయి. కానీ తుపాకి పేలితేనే హింస అనుకునే చూపు మగవాడిది. నాంపల్లి కోర్టుల చుట్టూ తిరిగే ఆడవాళ్ళతో మాట్లాడుతున్న ఈ ఏళ్ళలో, లైసెన్సు తుపాకి ఉన్న ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు కొద్దిమందే తగిలారు. వాళ్ళు చెప్పింది మాత్రం ఒకటే. ఆయన దాన్ని ఎత్తాల్సిన అవసరమే రాలేదని. గొడవైన రాత్రి బీరువా తాళంచెవి తీసి బల్లమీద పెడితే చాలు. సెలవు రోజు తూటాలు వరసగా పేర్చి పిల్లల ముందు లెక్కపెడితే చాలు. అలాంటి ఇంట్లోకి ఇంకో డబ్బా తూటాలు వస్తే పెరిగేది ఎవరి భద్రత? ఒంటి మీద దెబ్బ లేదు, వైద్యుడి సర్టిఫికెట్ లేదు. ఏ కాగితం మీద రాయాలి ఆ భయాన్ని?

అమెరికాలో జాక్వెలిన్ క్యాంప్‌బెల్, ఆమె సహ పరిశోధకులు 2003లో ప్రచురించిన అధ్యయనం ఉంది. హింసించే మగవాడికి తుపాకి అందుబాటులో ఉంటే ఆ స్త్రీ హత్యకు గురయ్యే ప్రమాదం దాదాపు ఐదు రెట్లు పెరుగుతుందని తేలింది. తుపాకిని దేవుడిలా కొలిచే ఆ దేశంలో కూడా ఈ విషయంలో చట్టం ఉంది. భార్యకు కోర్టు రక్షణ ఉత్తర్వు ఇస్తే, నిర్దిష్టమైన షరతులకు లోబడి, ఆ మగవాడి దగ్గర తుపాకి గానీ తూటా గానీ ఉండకూడదని 1994లో చట్టం చేశారు. గృహహింసలో చిన్న నేరానికి శిక్షపడ్డవాళ్ళకూ 1996లో ఆ నిషేధం పెట్టారు. 1994 నాటి నిబంధన చెల్లదని ఒకతను కోర్టుకెక్కితే 2024 జూన్‌లో వాళ్ళ సుప్రీంకోర్టు 8-1తో దాన్ని నిలబెట్టింది. తుపాకి మాత్రమే కాదు, తూటా కూడా అన్న మాట గుర్తుపెట్టుకోవాలి.

మన గృహహింస చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. ఎన్నో ఏళ్ళ స్త్రీల పోరాటం దాని వెనక ఉంది. దాని నియమాల్లో పదో నియమం కింద, మేజిస్ట్రేటు రాతపూర్వకంగా ఆదేశిస్తే, హింసలో వాడిన ఆయుధాన్ని స్వాధీనం చేసుకోవడానికి రక్షణాధికారి పోలీసుల సాయం తీసుకోవచ్చు. 'వాడిన' ఆయుధం! బీరువాలో ఉండి బెదిరించే ఆయుధం సంగతేమిటి? ఇటు ఆయుధాల చట్టం చూడండి. హింసాత్మక నేరంలో జైలుశిక్ష పడినవాళ్ళను కొంతకాలం, శాంతి కోసం బాండు రాసిచ్చినవాళ్ళను ఆ బాండు ఉన్నంతకాలం ఆయుధానికి దూరంగా ఉంచమంటుంది. గృహహింస చట్టం కింద వచ్చే రక్షణ ఉత్తర్వు శిక్ష కాదు కాబట్టి ఆ జాబితాలోకి రాదు. 'ప్రజా శాంతి, ప్రజా భద్రత' దృష్ట్యా అవసరమనుకుంటే లైసెన్సు రద్దు చేసే అధికారమైతే ఉంది. మరి ఇంట్లో ఉన్న ఆడది ఈ 'ప్రజ' లోకి వస్తుందా? హైదరాబాదు నగరంలో ఆయుధాల లైసెన్సులిచ్చేది పోలీసు కమిషనరే. మహిళా పోలీసు స్టేషన్లు పనిచేసేదీ ఆ కమిషనర్ కిందే. ఒకే గొడుగు కింద ఉన్న ఆ రెండు ఫైళ్ళను పక్కపక్కన పెట్టి చూడమని ఏ చట్టమూ చెప్పడం లేదు.

అదంత కష్టమా? ఎన్నికలొస్తే ఏం జరుగుతుందో చూడండి. 2023 నవంబరులోనూ, 2024 మేలోనూ చూశాం. షెడ్యూలు రాగానే లైసెన్సుదారులు తుపాకులు అప్పగించాలని పోలీసుల ప్రకటన వెలువడుతుంది. బ్యాంకు కాపలాదారుల్లాంటి కొద్దిమందికి మినహాయింపు. మిగతావాళ్ళు పోలీసు స్టేషన్లోనో దుకాణంలోనో అప్పగించి రసీదు తెచ్చుకుంటారు, ఎన్నికలయ్యాక తిరిగి తీసుకుంటారు. ఎవరూ నా పౌరుషం పోయిందని ఏడవరు, ఏ దొంగా పండగ చేసుకోడు. అంటే ఓటరును బెదిరించడానికి తుపాకి పేలనక్కర్లేదని, ఇంట్లో ఉంటే చాలునని రాజ్యానికి బాగానే తెలుసు. ఐదేళ్ళకోసారి వేసే ఓటుకిచ్చిన రక్షణ, రోజూ ఆ ఇంట్లో బతికే ఆడదానికి ఎందుకివ్వదు?

"అయితే ఆడవాళ్ళకీ తుపాకులిద్దాం" అనే మేధావులు ఉన్నారు. నిర్భయ ఘటన తర్వాత 2014లో కాన్పూరు ఆయుధ కర్మాగారం 'నిర్భీక్' అని ఆడవాళ్ళ కోసం తేలికైన రివాల్వరు తెచ్చింది. ధర లక్షా ఇరవై రెండు వేలు దాటింది. ఇంటిపనికో నూలు మిల్లుకో వెళ్ళే అమ్మాయి దాన్ని ఏ జీతంతో కొనాలి? కొన్నా, ఇంట్లో దాని తాళంచెవి ఎవరి చేతిలో ఉంటుంది? మనకు ఆయుధమంటే వణుకని కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో మల్లు స్వరాజ్యం లాంటివాళ్ళు తుపాకి పట్టారు. ఆ పోరాటం ఆగాక ఆడవాళ్ళను తిరిగి వంటింటికి పంపిన తీరు స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో వాళ్ళ మాటల్లోనే ఉంది. తుపాకి చేతికొచ్చినంత మాత్రాన ఇంట్లో అధికారం చేతికి రాలేదు. మన పేరుతో ఇతరులు పేల్చే తూటా సంగతీ చూశాం. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపితే పూలు చల్లారు. చంపాలనే కాల్చారని సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో తేల్చింది. ఆ తూటాలు ఏ ఒక్క ఇంట్లోనైనా ఏ ఒక్క ఆడదాని భయాన్నైనా తగ్గించాయా?

కాబట్టి మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. లైసెన్సు ఇచ్చేటప్పుడు, పునరుద్ధరించేటప్పుడు ఇంట్లోని వయోజన స్త్రీలను విడిగా, మహిళా అధికారి సమక్షంలో అడగాలి. వాళ్ళు చెప్పింది దరఖాస్తుదారుడికి తెలియనివ్వకూడదు. రక్షణ ఉత్తర్వు, మధ్యంతర ఉత్తర్వుతో సహా, వెలువడిన రోజే లైసెన్సు అధికారికి చేరాలి. ప్రతి లైసెన్సుకూ జాతీయ డేటాబేస్‌లో ఒక సంఖ్య ఉంది కనుక ఇది సాధ్యం కాదనడానికి వీల్లేదు. వాడినా వాడకపోయినా ఆ ఇంట్లోని తుపాకీ తూటాలూ రెండూ ఎన్నికలప్పటిలాగే జమ కావాలి, కొత్త తూటాలు కొనే వీలు ఆగిపోవాలి. చట్టం మారేదాకా ఆగనక్కర్లేదు కూడా. ఉత్తర్వులో పేర్కొన్న మరే పనినైనా నిషేధించే అధికారం గృహహింస చట్టం 18వ సెక్షన్ మేజిస్ట్రేటుకు ఇప్పటికే ఇచ్చింది. మన న్యాయవాద మిత్రులు ప్రతి పిటిషన్‌లో "ఇంట్లో లైసెన్సు ఆయుధం ఉందా?" అన్న ప్రశ్న వేసి, ఉంటే ఈ కోరిక చేర్చాలి. సహాయ కేంద్రాల్లో పనిచేసే మనవాళ్ళు మొదటి రోజే ఆ ప్రశ్న అడగాలి.

తూటాలు దొరకడం లేదన్న ఫిర్యాదు వినడానికి దుకాణదారుడున్నాడు, ఎంపీలున్నారు, వార్తాపత్రికలున్నాయి. ఆ తూటాల పక్కన నిద్రపట్టని మనిషి ఫిర్యాదును వినే ఏర్పాటు చేయించుకోవడం మన పని. వచ్చే ఎన్నికలకు తుపాకులు అప్పగించమన్న ప్రకటన వెలువడేలోపు ఈ డిమాండ్లతో కమిషనర్‌కు వినతిపత్రం ఇద్దాం.