ఖాళీగా ఉన్నది ఎవరు?

"మీ ఆవిడ ఏం చేస్తారు?" అని అడిగితే "ఏమీ చేయదండి, ఇంట్లో ఖాళీగానే ఉంటుంది" అనే జవాబు పల్లెలోనూ పట్నంలోనూ ఒకేలా వినిపిస్తుంది. అన్నవాడికి దురుద్దేశం ఉండదు, విన్నవాళ్లకు తప్పు తోచదు. చాలాసార్లు ఆమె నోటివెంటే ఆ మాట వస్తుంది. అయినా అది అబద్ధం. కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపనికి ఆడవాళ్లు సగటున రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఇది ఆ పనుల్లో చెయ్యి పెట్టేవాళ్ల సగటు మాత్రమే. అసలు చెయ్యి పెట్టని మగవాళ్లను కూడా కలిపితే తేడా ఇంకా పెరుగుతుంది. పసిపిల్లలు, ముసలివాళ్లు, జబ్బుపడ్డవాళ్లు ఉన్న ఇళ్లలో వాళ్లను చూసుకునే ఆడవాళ్లకు ఆ పనికి ఇంకో 137 నిమిషాలు. ఈ పనికి ఆదివారం లేదు, పదవీ విరమణ లేదు.

ఇంట్లో అలవాటుగా అనే మాటే ప్రభుత్వ లెక్కల్లోకీ ఎక్కింది. వంటమనిషిని పెట్టుకుంటే ఆమె జీతం జాతీయాదాయంలో చేరుతుంది. అదే వంట ఇల్లాలు చేస్తే చేరదు. ఈ వింతను ఆర్థికవేత్త పిగూ 1920లోనే ఎత్తిచూపాడు. 2001 జనగణన గృహిణులను బిచ్చగాళ్లు, ఖైదీలతో కలిపి పనిచేయనివారి కోవలో వేస్తే, 2010లో అరుణ్‌కుమార్ అగ్రవాల్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా తప్పుపట్టింది. 2021 జనవరిలో కీర్తి కేసు తీర్పులో జస్టిస్ ఎన్.వి.రమణ అంతకుముందటి సమయ వినియోగ సర్వే అంకెలనే ఉదహరించి, ప్రమాదంలో చనిపోయిన గృహిణికి ఆదాయం ఉన్నట్లే లెక్కగట్టి పరిహారం ఇవ్వాలన్నారు. బతికున్నన్నాళ్లూ సున్నాగా ఉన్న శ్రమకు చనిపోయాకే విలువ కడుతున్నామంటే తప్పు పనిలో లేదు, మన చూపులో ఉంది.

మరో సంగతి చాలామందికి తెలియదు. జనగణన నిబంధనల ప్రకారమే సొంత పొలంలో కూలి తీసుకోకుండా చేసే పని కూడా పనే. ఇంటి వాడకానికి పాడి చూసుకోవడమూ పనే. అయినా తెల్లవారక ముందే గేదెలకు గడ్డి వేసి, పాలు పితికి, పొద్దెక్కాక కలుపుతీతకు వెళ్లే రైతు భార్య "ఇంటిపనే" అని రాయించుకుంటుంది. పోచంపల్లి ప్రాంతపు నేత ఇళ్లలో ఇది మరీ స్పష్టం. అక్కడ ఒక్కో చీరకు ఆసు పోయాలంటే పోగును మేకుల చుట్టూ వేలసార్లు చేత్తో తిప్పాలి. ఆ పని దాదాపుగా ఆడవాళ్లదే. ఆ పని చేసి చేసి తల్లి లక్ష్మి భుజాలు నొప్పితో పడిపోతుంటే చూడలేక చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశాడు, 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. ఒక యంత్రాన్ని కనిపెట్టేంత బరువైన పనిని పనికాదనడం ఎలా కుదురుతుంది? మగ్గం మీద కూర్చున్నవాడు నేతకారుడు, ఆసు పోసి కండెలు చుట్టిన మనిషి మాత్రం అతని భార్య. నిజామాబాద్, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్ల సంపాదనను కూడా "తీరికవేళ చేసుకునేది" అనే అంటారు.

ప్రేమతో చేసే పనికి వెల కడతారా అని కొందరు నొచ్చుకుంటారు. రైతుకు భూమి మీద ప్రేమ లేదా? అంతమాత్రాన అతని ధాన్యం తూకం వేయకుండా వదిలేయం కదా. అంతకంటే బలమైన అభ్యంతరం స్త్రీవాదుల నుంచే వస్తుంది: ఇంటిపనికి విలువ కడితే ఆడవాళ్లను ఇంటికే కట్టేసినట్టవుతుందని. ఈ భయం న్యాయమైనదే. వంటింటికి నెలజీతం ప్రకటించి చేతులు దులుపుకునే ప్రభుత్వం వస్తే అదే జరుగుతుంది. కానీ లెక్కించడమూ జీతమివ్వడమూ ఒకటి కావు. ఎన్ని గంటలు నీళ్లకు పోతున్నాయో, పిల్లల ఆలనకు ఎన్ని పోతున్నాయో తెలిస్తేనే కుళాయి ఎక్కడ వేయాలో, అంగన్‌వాడీ ఎంతసేపు తెరిచి ఉండాలో తేలుతుంది, ఆమె బయట ఉద్యోగానికి వెళ్లే దారి తెరుచుకుంటుంది. లెక్కకు రాని ఈ పని ఆగితే ఏమవుతుందో ఐస్‌లాండ్ ఆడవాళ్లు చూపించారు: 1975 అక్టోబర్ 24న ఆఫీసు పనీ ఇంటిపనీ ఆపేశారు. దేశంలోని స్త్రీలలో సుమారు 90 శాతం మంది పాల్గొన్నారు, ఫ్యాక్టరీలు, బడులు స్తంభించాయి, తండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని పనికి వెళ్లారు. మరుసటి ఏడాదే అక్కడ సమాన హక్కుల చట్టం వచ్చింది.

2027 జనగణనలో ఎన్యూమరేటర్ మన గుమ్మంలోకి వచ్చి ఇంట్లో ఎవరేం చేస్తారని అడుగుతారు. ఆ ప్రశ్నకు మగవాళ్లు తొందరపడి జవాబు చెప్పకండి, ఆమెనే చెప్పనివ్వండి. అమ్మలారా, పొలం, పాడి, ఆసు, బీడీ, కుట్టుమిషను, మీ చేతులు చేసే ప్రతి పనీ పేరుపెట్టి రాయించండి.