వాసన చూసి కొనండి
మా ఊరి వన్ టౌన్ సందుల్లో పెరడు మిగిలిన ఇళ్లు తక్కువే. అయినా ఎండ తగిలే మేడ, పెద్ద కుండీ ఉంటే గులాబీకి చాలు. నా బాధల్లా ఒకటే: నర్సరీకి వెళ్లినవాళ్లు రంగు చూసి మొక్క తెచ్చుకుంటున్నారు, వాసన చూడటం లేదు. 1867లో ఫ్రాన్స్‌లో వచ్చిన ‘లా ఫ్రాన్స్’ను తొలి హైబ్రిడ్ టీ గులాబీ అంటారు, అది ఘుమఘుమలాడే పువ్వు. తర్వాత పువ్వు ఎక్కువ రోజులు నిలవాలి, దూరాలు వెళ్లాలి అనుకుంటూ పోయేసరికి చాలా రకాల్లో పరిమళం పలచబడింది. ‘పాపా మెయాన్’, ‘డబుల్ డిలైట్’ ఆ లోటు లేనివి, పేరు పెట్టి అడగండి. ఇక మొక్క తెచ్చాక చూసుకునే సంగతి. మా మేడ మీద గులాబీ ఆకును వేలితో రాస్తే నల్లదుమ్ము అంటుతుంది, తిప్పి చూస్తే అడుగున సన్నగా ఎర్రనల్లి. మందు కొట్టే ముందు, వారానికి రెండుసార్లు ఆకు అడుగుకి నీళ్లు చిమ్మండి. అదీ పొద్దున్నే, రాత్రంతా ఆకు తడిగా ఉంటే నల్లమచ్చ తెగులు పట్టుకుంటుంది. అంటు కింది నుంచి లేచే కొమ్మ ఎంత ఏపుగా ఉన్నా మొహమాటపడకుండా పీకేయండి, అది మీరు కొన్న గులాబీ కాదు, వేరుమొక్కది. వానలు వెనకపట్టాక కొమ్మలు కత్తిరించి, మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి వేయండి. ఈసారి నర్సరీకి ఎండెక్కకముందే వెళ్లండి. విచ్చిన పువ్వును ముక్కు దగ్గర పెట్టుకుని చూశాకే డబ్బులివ్వండి.