సంచుల లెక్కలో చెప్పండి సార్

ఎకరా పత్తికి 60 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం వేయాలని రైతు వేదికలోని తెర మీద ఒక శాస్త్రవేత్త చెప్పారనుకుందాం. ఆ మాట అనడానికి ఆయనకు నాలుగైదు సెకన్లు చాలు. కల్వకుర్తి మండలంలోని ఏ ఊరి రైతైనా అది విని, బయటికొచ్చి, ఎరువుల దుకాణం ముందు నిలబడితే ఆయనకు కావలసింది ఒక్కటే. ఎన్ని సంచులు?

ఆ జవాబు దగ్గరికి చేరాలంటే మధ్యలో చాలా లెక్క ఉంది. యూరియా సంచి ఒకప్పుడు 50 కిలోలు, 2018 నుంచి 45 కిలోలు. అందులో నత్రజని 46 శాతం, అంటే సంచికి 20 కిలోల 700 గ్రాములు. డీఏపీ సంచి మాత్రం ఇప్పటికీ 50 కిలోలే. అందులో భాస్వరం 46 శాతం, అంటే 23 కిలోలు. ఒక్క డీఏపీ సంచి అడుగు మందుగా వేస్తే భాస్వరం దాదాపు సరిపోతుంది. అయితే డీఏపీలో నత్రజని కూడా 18 శాతం ఉంది. అది 9 కిలోలు. 60లోంచి ఆ 9 తీసేస్తే మిగిలేది 51. దాన్ని 20.7తో భాగిస్తే రెండున్నర సంచుల యూరియాకు కాస్త తక్కువ. అదీ ఒక్కసారే చల్లేది కాదు, పైరు వయసును బట్టి దఫదఫాలుగా పైమందుగా వేయాలి. పొటాష్ సంగతి ఇంకా మొదలే పెట్టలేదు.

శాస్త్రవేత్తకు ఈ లెక్కంతా ఒకే ముద్దగా కనిపిస్తుంది. చదువుకునే రోజుల్లో ఒక్కొక్కటిగా నేర్చుకున్నవే, ఏళ్ల తరబడి వాడగా వాడగా ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఆయన దాచిపెట్టిందేమీ లేదు. మధ్యలో ఇన్ని లెక్కలు ఉన్నాయన్న సంగతే ఇప్పుడు ఆయనకు తట్టదు. పాఠం విఫలమయ్యేది సరిగ్గా ఇక్కడ. నింద మాత్రం రైతు మీదికి పోతుంది. చెప్పినా వినరని, చదువు లేదని, దుకాణందారు మాటే నమ్ముతారని అధికారుల సమావేశాల్లో తరచూ వినిపించే మాట అన్యాయమైనది. వినేవాడి లోపంగా కనిపించేది చాలాసార్లు చెప్పే పద్ధతి లోపం.

కల్వకుర్తి ప్రాంతానికి ఇది ఊరికే మాట్లాడుకునే విషయం కాదు. వానను నమ్ముకుని ఎర్ర చెలకల్లో జొన్న, ఆముదం, కంది పండించిన నేల ఇది. పంట పోయిన ఏడు బొంబాయి బస్సెక్కిన కుటుంబాలకు లెక్కలేదు. దేశంలో ఎక్కడ డ్యాం కట్టినా అక్కడ పాలమూరు లేబర్ ఉండేది. మహాత్మాగాంధీ కల్వకుర్తి ఎత్తిపోతల పథకం కింద ఎల్లూరు దగ్గర మొదలుపెట్టి మూడు లిఫ్టులతో కృష్ణా నీళ్లను పైకి తోడిన తర్వాత కాలువల వెంట వరి మడులు వచ్చాయి, చెలకల నిండా పత్తి పరుచుకుంది. తండ్రి దగ్గర నేర్చిన సేద్యం ఈ పంటలకు చాలదు. ఒక తరం రైతులు నడి వయసులో, పంట చేతిలో ఉండగానే, కొత్త వ్యవసాయం నేర్చుకోవాల్సి వచ్చింది. ఇంత భారం నెత్తిన పడ్డ విద్యార్థులు ఏ కళాశాలలోనూ ఉండరు.

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనలేం. 5,000 ఎకరాలకు ఒక క్లస్టర్, దానికొక వ్యవసాయ విస్తరణ అధికారి, కూర్చోవడానికి ఒక రైతు వేదిక అన్న ఆలోచనతో 2020లో రాష్ట్రమంతటా 2,601 వేదికలు తలపెట్టారు. 2024 మార్చిలో ‘రైతు నేస్తం’ పేరుతో వీడియో కాన్ఫరెన్సులు మొదలయ్యాయి. తొలి విడతలో 110 వేదికలను కలిపారు. శాస్త్రవేత్త దూరంగా ఉండి కూడా వందల మంది రైతులతో ఒకేసారి మాట్లాడగలుగుతున్నారు. గోడలున్నాయి, తెర ఉంది, నిపుణుడున్నాడు. నేర్పే పద్ధతి మీద మాత్రం ఆ ఖర్చులో పదో వంతు శ్రద్ధ కూడా పెట్టినట్టు కనిపించదు.

1999లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన పమేలా హిండ్స్ ఒక పరిశోధన ప్రచురించారు. సెల్‌ఫోన్ అప్పటికి కొత్త వస్తువు. దానితో ఒక పని చేయడానికి కొత్తవాళ్లకు ఎంతసేపు పడుతుందో ఊహించమని, ఫోన్ల గురించి క్షుణ్ణంగా తెలిసినవారినీ ఓ మోస్తరుగా తెలిసినవారినీ అడిగారు. బాగా తెలిసినవారి అంచనా నిజంగా పట్టిన సమయం కంటే చాలా తక్కువగా తేలింది. మీరు నేర్చుకునేటప్పుడు ఎక్కడ తడబడ్డారో గుర్తు చేసుకోమన్నా, కొత్తవాళ్లు తడబడే చోట్ల జాబితా చేతికిచ్చినా ఆ అంచనా పెద్దగా మారలేదు. సరైన లెక్కకు దగ్గరగా వచ్చింది ఓ మోస్తరు తెలిసినవాళ్లే. నిన్నమొన్న నేర్చుకున్నవాడికి ఆ కష్టం ఇంకా గుర్తుంటుంది. ఈ ఫలితాన్ని వ్యవసాయ శాఖ ఒక్కసారి తీరిగ్గా చదివితే, వేదిక మీద ఎవరిని కూర్చోబెట్టాలన్న ప్రశ్నకు వేరే జవాబు దొరుకుతుంది.

చేతిలో ఉన్న విద్యను బయటికి తీయడం ఎంత కష్టమో ఉమ్మడి నల్లగొండ జిల్లాకు బాగా తెలుసు. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆరో తరగతితో బడి మానేసి మగ్గం మీదికి వచ్చారు. పోచంపల్లి రకం చీరకు తల్లి లక్ష్మి ఆసు పోసేవారు. అర్ధచంద్రాకారంగా బిగించిన మేకుల చుట్టూ దారాన్ని తిప్పే ఆ పనిలో ఒక్క చీరకు చేయి దాదాపు తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. తల్లి భుజం నొప్పి చూడలేక ఆ పని చేసే యంత్రం తయారు చేయాలని 1992లో మొదలుపెట్టిన మల్లేశం దాన్ని పూర్తి చేసింది 1999లో. 2017లో పద్మశ్రీ వచ్చింది. యంత్రానికి ‘ఇట్లా పోయాలి’ అని చెబితే అర్థం కాదు. చేయి ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ తిరుగుతుంది, ఏ మేకు తర్వాత ఏ మేకు, దారం ఎంత బిగువు అన్నదంతా ఒక్కొక్కటిగా విడదీసి చెప్పాలి. తల్లి చేతులు ఆలోచించకుండా చేసే పనిని అలా విడదీసి ఇనుముకు నేర్పడానికి పట్టుదల గల కొడుక్కు ఏడేళ్లు పట్టింది. ఒక శాస్త్రవేత్త తన 20 ఏళ్ల అనుభవాన్ని అరగంటలో, ఏ తయారీ లేకుండా, విడదీసి చెప్పేస్తారని ఎదురుచూడడం న్యాయమేనా? ఆ విడదీసే పనినే ఉద్యోగంగా ఎవరికైనా అప్పగించాలి. ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి, ఉమ్మడి పాలమూరులోనే ఉన్న పాలెం పరిశోధన స్థానానికి అది చేతగాని పని కాదు.

ఇక విన్నది నిలవడం సంగతి. 2006లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే కళాశాల విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చారు. కొందరు దాన్ని మళ్లీ మళ్లీ చదివారు. కొందరు ఒకసారి చదివి, ఆ తర్వాత పుస్తకం చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం గడిచాక ఫలితం తిరగబడింది. చదువుతూ పోయినవాళ్లకు 40 శాతం గుర్తుంటే, గుర్తు చేసుకుంటూ రాసినవాళ్లకు 61 శాతం మిగిలింది. ఇంకో సంగతి కూడా బయటపడింది. తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమాగా చెప్పింది ఊరికే చదివినవాళ్లే.

రైతు వేదికలో జరిగేది ఇదే. ప్రసంగం సాఫీగా సాగుతుంది, విన్నవాళ్లకు అంతా తెలిసినట్టే ఉంటుంది, చెప్పినవాళ్లకు తృప్తి, హాజరు పట్టికలో సంతకాలు. పది రోజులకు మందు డబ్బా చేతిలో పట్టుకుని చేను గట్టు మీద నిలబడ్డప్పుడు ఏమీ గుర్తుకు రాదు. పొలానికి పనికొచ్చే జ్ఞాపకం అక్కడ గుర్తుకు రావాలి, కుర్చీలో కూర్చున్నప్పుడు కాదు. అందుకే వేదిక నుంచి బయటికి పంపేముందు, చెప్పినదంతా మూసేసి, ‘మీ రెండెకరాలకు ఎన్ని సంచులు, ఎప్పుడెప్పుడు?’ అని ఒక్కొక్కరి చేత చెప్పించాలి. తప్పు చెబితే ఇంకా మంచిది, దిద్దుకునే అవకాశం అక్కడే ఉంటుంది. రెండు వారాలకు మళ్లీ అదే ప్రశ్న అడగాలి. కొత్త విషయాలు మూడు తగ్గినా ఫరవాలేదు.

రైతుకు లెక్కలు రావన్న అపోహ కూడా పోవాలి. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే పిల్లల మీద చేసిన అధ్యయనం 2025లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. కాగితం కలం లేకుండా చిక్కు బేరాల లెక్క తేల్చేసే ఆ పిల్లలు, బడి పుస్తకంలో ఉండే తేలిక లెక్కల దగ్గర ఆగిపోయారు. బడి లెక్కల్లో మెరుగ్గా ఉన్న పిల్లలు అంగడి లెక్కలో తడబడ్డారు. పత్తి ఏరిన కూలీ కిలోల లెక్కన తేల్చుకునే మనిషికీ, కౌలు, వడ్డీ, తరుగు కలిపి నోటితో చెప్పే మనిషికీ తెలివి తక్కువ కాదు. శాతాలు, హెక్టార్లు, లీటరుకు ఇన్ని మిల్లీలీటర్లు అన్న రూపంలో వస్తేనే లెక్క పరాయిదవుతుంది. దుకాణందారు ఆ పొరపాటు చేయడు. ‘పంపుకు ఒక మూత కొట్టు అన్నా’ అంటాడు, పని అయిపోతుంది. 16 లీటర్ల పంపుకు లీటరుకు 2 మిల్లీలీటర్ల చొప్పున 32 మిల్లీలీటర్లు అని వివరించాల్సిన అవసరం ఆయనకు రాదు. చిక్కేమిటంటే ఏ మందు మూత అన్నది చాలాసార్లు దుకాణంలో ఉన్న సరుకును బట్టి ఉంటుంది. ఊళ్లో అసలు గురువు ఎవరో గుర్తించినందుకే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని మేనేజ్ సంస్థ 2003లో డీలర్ల కోసం వారానికొక తరగతి చొప్పున ఏడాది డిప్లొమా మొదలుపెట్టింది. డీలర్లకు శాస్త్రం నేర్పడం మంచిదే. శాస్త్రవేత్తలకు డీలర్ల భాష నేర్పే కోర్సు కూడా అంతే అవసరం.

అలాగని నిపుణుడే వద్దనడం ప్రమాదం. గులాబీ రంగు పురుగు సంగతే తీసుకోండి. పత్తిని డిసెంబరు దాటి పొడిగించవద్దని శాస్త్రవేత్తలు ఏటా చెబుతారు. కాలువ నీళ్లు అందే రైతుకు ఇది మింగుడుపడదు. చెట్టు పచ్చగా ఉంది, ఇంకో ఏరుడు వస్తుంది, ఎందుకు పీకాలి? ఆ మిగిలిన కాయల్లోనే పురుగు దాగి వచ్చే పంటకు కాచుకుని ఉంటుందన్నది ఏ పక్క రైతూ సొంతంగా కనిపెట్టలేని విషయం. దాన్ని తెలుసుకున్నది శాస్త్రం. అయితే ఆ మాట తెర మీంచి చెబితే సరిపోదు. పైకి నున్నగా కనిపించే 20 పచ్చి కాయలను రైతే తన చేలో కోసి, చాకుతో చీల్చి చూడాలి. రెండింట్లో పురుగు ఉంటే మందు కొట్టే హద్దు వచ్చినట్టే. గుడ్డి పూలను తానే విప్పాలి. లింగాకర్షక బుట్టలో రాత్రికి ఎనిమిది చొప్పున వరుసగా మూడు రాత్రులు పడిన రెక్కల పురుగులను తానే లెక్కపెట్టాలి. ఆ పని ఒక్కసారి చేసిన రైతుకు ఎవరూ మళ్లీ గుర్తు చేయనక్కరలేదు.

ఇది కొత్త ఆలోచన కాదు. 1989లో ఇండొనేసియాలో వరి రైతులతో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ మొదలుపెట్టిన పద్ధతే తర్వాత తెలుగు నేల మీద పొలంబడి అయింది. పాతిక ముప్పై మంది రైతులు పంట కాలమంతా వారం వారం ఒకే పొలంలో కలుస్తారు. పురుగులు పట్టి చూస్తారు, బొమ్మలు గీస్తారు, మందు కొట్టాలా వద్దా అని వాదించుకుంటారు. ‘సార్, ఇదేం పురుగు?’ అని రైతు అడిగితే శిక్షకుడు పేరు చెప్పకూడదు. ‘ఎక్కడ దొరికింది? ఏం తింటోంది? ఎన్ని ఉన్నాయి?’ అని తిరిగి అడగాలి. తెలిసిన జవాబును నోట్లో ఆపుకోవడం నిపుణుడికి ఎంత కష్టమో అనుభవిస్తేనే తెలుస్తుంది. ఆ పద్ధతికీ పరిమితి ఉంది. పొలంబడికి వెళ్లిన రైతు నుంచి పక్క రైతుకు ఆ జ్ఞానం పెద్దగా పాకలేదని ఇండొనేసియా మీద 2004లో వచ్చిన అధ్యయనం చెప్పింది. చేత్తో చేసి నేర్చుకున్నది నోటి మాటగా దాటదు. అంటే పక్క రైతు కూడా చేలో కాయ చీల్చాల్సిందే, దగ్గరి దారి లేదు.

ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం ఈ చిక్కుకు ఒక దారి వెతికింది. ఆ సేద్యం చేసి చూపించిన రైతులనే, అందులో ఎక్కువగా మహిళా సంఘాల సభ్యులను, శిక్షకులుగా పెట్టుకుంది. 2024లో గుల్బెంకియన్ పురస్కారం పంచుకున్న ఆ కార్యక్రమం మీద వేరే వాదనలు ఎన్నైనా ఉండొచ్చు. నేర్పే మనిషి ఎంపికలో మాత్రం అది తెలంగాణ కంటే ముందుంది.

కల్వకుర్తి చుట్టుపక్కల క్లస్టర్లలో వచ్చే వానాకాలానికి ఇది మొదలుపెట్టడానికి కొత్త భవనం అవసరం లేదు. నిరుడు గులాబీ పురుగును గెలిచిన ఇద్దరు రైతులను ప్రతి క్లస్టర్‌లో ఎంచుకుని, రోజుకు కూలి కట్టి, తెర పక్కన కూర్చోబెట్టాలి. శాస్త్రవేత్త ప్రసంగాన్ని పదిహేను నిమిషాలకు కుదించి, మిగతా సమయం సంచుల లెక్కకూ కాయలు చీల్చడానికీ కేటాయించాలి. అడ్డుపడేది వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈవో) తీరిక. పంటల నమోదు, రైతు బీమా కాగితాలు, పెట్టుబడి సాయం దరఖాస్తులు అన్నీ ఆ ఒక్క మనిషి మీదే పడుతున్నాయి. ఆ కాగితాల పనిని జూన్ నుంచి డిసెంబరు దాకా వేరొకరికి అప్పగించి, వారంలో రెండు రోజులు ఏఈవోను చేలకే కేటాయిస్తూ కలెక్టర్ ఉత్తర్వు ఇస్తే చాలు.