గోల్ కాడ నిలబడితే జీతమిస్తారా?

కళ్యాణదుర్గం వైపు నుంచి తొలి బస్సుకు వచ్చిన ఆ పెద్దాయన మైదానం అంచున వేపచెట్టు నీడలో కూర్చుని గంటన్నర సేపు కొడుకునే చూశాడు. చూసి చూసి పక్కనున్న నన్నడిగాడు: "సార్, కడమ పిల్లోళ్లంతా పరిగెత్తి పరిగెత్తి సచ్చిపోతాండారు. మావాడు మాత్రం ఒక్క కాడనే నిలబడుకోనుండాడు. దీనికి గూడా జీతమిస్తారా?"

నవ్వొచ్చింది గానీ వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఇస్తారంటే పూర్తి నిజం కాదు, ఇవ్వరంటే అబద్ధం. నేనూ కాలేజీ రోజుల్లో రెండేళ్లు గోల్‌పోస్టు దగ్గర నిలబడినవాణ్నే. నా ఎడమచేతి చిటికెన వేలు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోదు. ఆ రెండేళ్లకు మిగిలిన సర్టిఫికెట్ అదొక్కటే. కాబట్టి నా మాటల్లో కొంత మమకారం, కొంత అక్కసు కలిసే ఉంటాయని ముందే చెప్పేస్తున్నా.

అనంతపురంలో ఫుట్‌బాల్ ఏంటని బయటివాళ్లు ఆశ్చర్యపోతుంటారు. 1969లో ఈ కరువు సీమకు వచ్చిన స్పెయిన్ దేశస్థుడు విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ, బడులు, ఆసుపత్రులతో సరిపెట్టుకోకుండా మైదానాలు కూడా వేసింది. రఫెల్ నాదల్ పేరు మీద 2010లో టెన్నిస్ బడి తెరిచింది ఇక్కడే. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు జరిగిందీ ఇక్కడే. ఫుట్‌బాల్‌కు స్పెయిన్ లా లిగా వాళ్ల ఫౌండేషన్ చెయ్యి కలిపింది. దాంతో శెనక్కాయ చేలు తప్ప మరేదీ ఎరగని పల్లెల పిల్లలు కూడా బూట్లు కట్టుకుని లీగ్ మ్యాచ్‌లు ఆడారు.

అయితే వాళ్లలో చాలామంది ఆట మొదలయ్యేది ఊరి బడి వెనకున్న గరుసు నేల మీదే. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన పడే చోట గడ్డి మైదానం అడగడం అత్యాశ. ఆ నేల మీద ఫార్వర్డ్ పడితే దెబ్బ తగిలిందంటారు. గోలీకి మాత్రం పడటమే పని. తుంటి మీద చెక్కుకుపోయిన చోటు పక్కుకట్టక ముందే అదే వైపు మళ్లీ పడాలి. ఆ పొద్దున ఆ పెద్దాయన కొడుకు చేసిన పని ఒకటి నా కళ్లలో ఉండిపోయింది. నీళ్ల సీసా మూత తీసి, సరిగ్గా ఒక్క మూతెడు నీళ్లు గ్లౌజుల అరచేతుల మీద ఒంపుకుని, రెండు చేతులూ రుద్దుకున్నాడు. గ్లౌజు అరచేతి వైపున్న రబ్బరు పొర తడిగా ఉంటేనే బంతిని పట్టుకుంటుంది, ఎండిపోతే బంతి జారిపోతుంది. మిగతావాళ్లు సీసాలెత్తి గటగటా తాగుతుంటే వీడు మూతలతో లెక్కపెట్టి వాడుకుంటున్నాడు. అంత పొదుపుగా వాడినా గరుకు నేల మీద ఆ రబ్బరు ఒక సీజన్ కూడా నిలవదు.

సరే, మంచి వైపు నుంచే చూద్దాం. ఫుట్‌బాల్లో ఎక్కువకాలం నడిచే ఉద్యోగం గోలీదే. వింగ్‌లో పరిగెత్తేవాడికి ముప్పై దాటితే కాళ్లు మొరాయిస్తాయి, గోలీకి అప్పుడే చూపు కుదురుతుంది. ఇటలీ కెప్టెన్‌గా డినో జోఫ్ 1982లో ప్రపంచకప్ ఎత్తినప్పుడు అతనికి నలభై ఏళ్లు. అదే దేశపు గోలీ బఫాన్ నలభై అయిదేళ్లకు ఆట మానేశాడు. ఈజిప్టు గోలీ ఎస్సామ్ అల్ హదరీ 2018 ప్రపంచకప్‌లో నలభై అయిదేళ్ల వయసులో పెనాల్టీ ఆపాడు. మన వ్యవసాయంలో చెప్పాలంటే ఇది కాపు ఆలస్యమైనా ఏళ్ల తరబడి కాసే చింతచెట్టు.

రెండోది మన దేశానికే చెందిన లెక్క. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో ఒక జట్టు ఏ సమయంలోనైనా నలుగురు విదేశీయులనే మైదానంలో ఉంచవచ్చు. 2014 తొలి సీజన్‌లో కేరళ బ్లాస్టర్స్ గోల్ ముందు ఇంగ్లండ్ పాత గోలీ డేవిడ్ జేమ్స్ నిలబడ్డాడు గానీ, ఆ మోజు తొందరగానే తీరిపోయింది. ఉన్న నాలుగు చోట్లనూ గోల్స్ కొట్టేవాళ్లకు, ఆట నడిపేవాళ్లకు ఇచ్చుకుని, గోల్‌పోస్టును మనవాళ్లకే వదిలేస్తున్నాయి క్లబ్బులు. సెంటర్ ఫార్వర్డ్ కావాలనుకునే కుర్రాడు బ్రెజిల్‌తోనూ స్పెయిన్‌తోనూ పోటీ పడాలి. గోలీ కావాలనుకునేవాడికి మణిపూర్, పంజాబ్, గోవా కుర్రాళ్లతో సరిపోతుంది. అదేమీ చిన్న పోటీ కాదు, కానీ తలుపైతే మూసుకుపోలేదు.

మన తెలుగు నేల మీదే పెద్ద ఉదాహరణ ఉంది. పీటర్ తంగరాజ్ పేరులో తమిళం ఉన్నా పుట్టింది 1935లో, హైదరాబాద్‌లో. సికింద్రాబాద్ క్లబ్బుల్లో ఆడి సైన్యంలో చేరాడు. మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ జట్టులో మొదట సెంటర్ ఫార్వర్డ్, ఆ తర్వాతే గోలీ. ఆ జట్టు 1955లోనూ 1958లోనూ డ్యూరాండ్ కప్ గెలిచింది. మెల్‌బోర్న్, రోమ్ ఒలింపిక్స్ జట్లలో ఉన్నాడు, 1967లో అర్జున పురస్కారం అందుకున్నాడు. చివరికి బొకారో ఉక్కు కర్మాగారంలో పనిచేసి, 2008లో ఆ ఊళ్లోనే కన్నుమూశాడు. ఈ వరసలో నాకు ముఖ్యంగా తోచేది పతకాల కంటే ఆ మొదలూ చివరా: సైన్యం, ఉక్కు ఫ్యాక్టరీ. బువ్వ పెట్టినవి అవే. క్లబ్బులు పేరు తెచ్చాయి.

ఇక్కడే తాసు రెండోవైపు వంగడం మొదలవుతుంది. 1962 జకార్తా ఆసియా క్రీడల సంగతే తీసుకోండి. మన హైదరాబాద్ రహీమ్ సాబ్ కోచ్. తంగరాజ్‌ ఫ్లూతో పడుకుంటే ప్రద్యుత్ బర్మన్ గోల్‌పోస్టులోకి వచ్చాడు. సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2తో గట్టెక్కారు. ఫైనల్ నాటికి తంగరాజ్ కోలుకున్నాడు. రహీమ్ సాబ్ బర్మన్‌ను పక్కన పెట్టి ఆరడుగులు దాటిన తంగరాజ్‌ను దించాడు. దక్షిణ కొరియాను 2-1తో ఓడించి భారత్ స్వర్ణం గెలిచింది. కోచ్ నిర్ణయం సరైనదేనని ఫలితం చెప్పింది. కానీ బర్మన్ వైపు నుంచి ఒక్కసారి ఆలోచించండి. తప్పేమీ చెయ్యకుండానే, కష్టకాలంలో జట్టును గట్టెక్కించిన మనిషే, దేశం ఎప్పటికీ గుర్తుంచుకునే ఆ ఒక్క మ్యాచ్‌ను బయట కూర్చుని చూడాలి. ఈ రోజుల్లో మిడ్‌ఫీల్డర్‌కైతే చివరి పది నిమిషాలైనా దొరుకుతాయి. గోలీల్లో ఒకడుంటే ఇంకొకడికి చోటే లేదు.

క్లబ్బులో ముగ్గురు గోలీలుంటే ఆడేది ఒకడు. 2024-25 ఐఎస్ఎల్‌లో ఆడినవి 13 క్లబ్బులు. అంటే దేశం మొత్తం మీద పైస్థాయిలో ప్రతి వారం ఆడే గోలీ ఉద్యోగాలు పదమూడు. నూటనలభై కోట్ల మందిలో పదమూడు! నీళ్లు పడతాయో లేదో తెలియకుండా బోరు మీద బోరు వేసే మన రైతు కూడా ఈ లెక్క వింటే ఒక్క నిమిషం ఆగుతాడు.

ఇక తప్పుల సంగతి. ఫార్వర్డ్ పది అవకాశాలు పోగొట్టి ఒక్క గోల్ కొడితే వీరుడు. గోలీ పది ఆపి ఒక్కటి వదిలితే ఆ ఒక్కటే టీవీలో వంద సార్లు తిరుగుతుంది. లక్ష్మీకాంత్ కట్టిమని కథలో ఇది రెండు వైపులా కనిపిస్తుంది. 2015 డిసెంబరు 20న గోవా ఫతోర్డా స్టేడియంలో ఐఎస్ఎల్ ఫైనల్. ఎఫ్‌సీ గోవా 2-1 ఆధిక్యంలో ఉంది, తొంభయ్యో నిమిషం. గోలీ కట్టిమనికి తగిలి బంతి సొంత గోల్లోకే పోయింది. ఇంకో రెండు నిమిషాల్లో చెన్నైయిన్ మరొకటి కొట్టి కప్ ఎత్తుకుపోయింది. సొంత ఊరి జనం ముందు అలాంటి రాత్రి గడిపినవాడు మళ్లీ గ్లౌజులు తొడగడమే గొప్ప. అతను తొడిగాడు. 2022 మార్చి 20న అదే ఫతోర్డాలో ఇంకో ఫైనల్, ఈసారి మన హైదరాబాద్ ఎఫ్‌సీ తరఫున. కేరళతో 1-1 అయ్యాక పెనాల్టీ షూటౌట్లో మూడింటిని ఆపి కప్ తెచ్చిపెట్టాడు. ఆ మధ్యలో ఆరేళ్లు దాటిపోయాయి. ఈ కథను చాలామంది పట్టుదలకు ఉదాహరణగా చెబుతారు. నాకైతే ఆరేళ్లు ఓర్చుకోగల జీతం, రెండో అవకాశం ఇచ్చిన క్లబ్బు కనబడతాయి. అవి దొరకని గోలీల పేర్లు మనకు తెలియవు, అంతే.

ఆ కప్పు తెచ్చిన క్లబ్బు ఇప్పుడు హైదరాబాద్‌లో లేదు. కప్పు గెలిచిన రెండేళ్లలోపే జీతాల బకాయిలతో ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2025లో ఆ క్లబ్బు పేరు కూడా మార్చుకుని ఢిల్లీకి మకాం మార్చింది. అదే ఏడాది జులైలో లీగ్ నిర్వాహకులు మొత్తం ఐఎస్ఎల్‌నే ఆపి ఉంచుతున్నామన్నారు, కొన్ని క్లబ్బుల్లో జీతాలు నిలిచిపోయాయి. ఇప్పుడు పైస్థాయి లీగ్‌లో తెలుగువాళ్ల క్లబ్బు ఒక్కటీ లేదు. దాని కింది స్థాయి లీగ్‌లో హైదరాబాద్ శ్రీనిధి డెక్కన్ ఒక్కటే దగ్గరి దారి. మన ఊరి మైదానాల పరిస్థితీ గాల్లో దీపమే. ఆర్డీటీకి విదేశీ విరాళాల అనుమతి పునరుద్ధరణ ఆగినప్పుడు 2025లో జిల్లా అంతా రోడ్ల మీదికి వచ్చింది. ఆసుపత్రుల కోసం, బడుల కోసం వచ్చారు. అందులో నెట్లు, బంతులు కూడా ఉన్నాయని ఎందరికి తట్టిందో మరి.

దెబ్బల గురించి ఎక్కువ చెప్పను, తల్లిదండ్రులు చదివితే భయపడతారు. 2006లో చెల్సీ గోలీ పీటర్ చెక్‌కు ఎదుటివాడి మోకాలు తగిలి పుర్రె చిట్లింది. ఆ తర్వాత ఆట మానేదాకా తలకు రక్షణ కవచం పెట్టుకునే ఆడాడు. మన ఊరి పిల్లల తలలకు కవచాలుండవు.

ఆడపిల్లల సంగతి వేరు. వాళ్లకు లీగ్ చిన్నది, డబ్బు తక్కువ. కానీ పోటీలో ఉన్నవాళ్లూ తక్కువే, ముఖ్యంగా గోల్‌పోస్టుకు. 2015లో అదితి చౌహాన్ లండన్ వెస్ట్‌హామ్ మహిళల జట్టులో గోలీగా చేరింది. పదహారేళ్లకే పెళ్లి మాట లేవనెత్తే ఇళ్లల్లో, "జిల్లా జట్టుకు ఆడతాంది" అన్న మాట ఇంకో రెండేళ్లు సంపాదించి పెడుతుంది. ఆ రెండేళ్లకు వెల కట్టమంటే నాకు చేతకాదు. అబ్బాయిల విషయంలో రూపాయల్లో లెక్కేసే నేను ఆడపిల్లల దగ్గరికొచ్చేసరికి తాసు మార్చేస్తానని తెలుసు. అయినా అంతే.

ఇంతకీ ఆ పెద్దాయనకు నేనేం చెప్పాను? క్లబ్బు జీతాన్ని నమ్ముకుని గోలీని చెయ్యొద్దన్నాను. అప్పుచేసి ఎక్కడో నగరంలో ఫీజులు కట్టే అకాడమీలో అస్సలు వెయ్యొద్దన్నాను. అలా వేసి ఎకరం అమ్ముకున్న ఒకాయన నాకు తెలుసు. కానీ పొడుగు ఉంది, చేతులు మంచివి, డిగ్రీ అయ్యేదాకా ఇక్కడే ఆడనివ్వమన్నాను. జిల్లా జట్టు, ఆపైన యూనివర్సిటీ జట్టు. ఆ కాగితాలుంటే గుంతకల్లు రైల్వేలో, పోలీసులో, సైన్యంలో స్పోర్ట్స్ కోటా ఉంటుంది. తంగరాజ్ నడిచిన దారీ దాదాపు అదే. అక్కడా గోలీ పోస్టు ఒకటో రెండో, కానీ ఉద్యోగం వచ్చాక ఆట పోయినా జీతం పోదు. ఒకవేళ వాడు నిజంగానే పదమూడు మందిలో ఒకడయ్యేవాడైతే ఈ దారిలోనూ ఎవరో ఒకరి కంట పడతాడు.

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. "అంటే నాలుగు బోర్లేసి ఒక దాంట్లో నీళ్లు సూడమంటాండావు" అన్నాడు చివరికి. కాదనలేకపోయాను.

మైదానంలో విజిల్ మోగింది. పిల్లాడు చెమటతో, మట్టితో వచ్చి తండ్రి పక్కన కూలబడి గ్లౌజులు విప్పాడు. కుడి అరచెయ్యి దగ్గర రబ్బరు పొర ఊడి లోపలి గుడ్డ కనిపిస్తోంది. పెద్దాయన ఒకటి చేతిలోకి తీసుకుని, విత్తనపు శెనక్కాయలు చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇవి ఎంతవుతాయి సార్, కొత్తవి?"